ప్రార్థన పుస్తకంలో తమ్ముడి పేరు

కొంగలంక,
14-6-1933

మా విశ్వాసానికి,

అక్క దీవెనలు. మేమంతా బాగున్నాం. నువ్వూ పిన్నీ బాగున్నారనుకుంటాను. పిన్ని మోకాళ్లకు ఆముదం కాచి రాస్తున్నావా, లేక నేను రాసిన ఉత్తరం చదివి వినిపించి ఊరుకున్నావా?

ఈ ఉత్తరం తెచ్చే పడవవాడి చేతికి ఒక తుంగచాప ఇచ్చాను. అది నీకనుకుని మురిసిపోకు. జిల్లా బోర్డు ఆఫీసులో నీ కోసం అంత పాటుపడుతున్న హెడ్ గుమాస్తా శేషగిరిరావుగారికి. నాలుగు రోజులు కూర్చుని నా చేతులతో అల్లాను. ఏడాదిగా "ఖాళీ రాగానే నీకే" అంటున్న మనిషికి మనం ఇంతకంటె ఏం ఇవ్వగలం? కొల్లేట్లో ఉన్న మా అక్క పంపిందని చెప్పి ఇవ్వు.

ఇక అసలు సంగతి. ఎండాకాలం సెలవులకు వెళ్లిన మా బడి మాస్టారు ఇక రానని రాసేశాడు. రెండేళ్లలో ఈయన మూడోవాడు. వానలు పడితే నాలుగు నెలలు మా లంక చుట్టూ నీళ్లే కదా, బజారు లేదు, కబుర్లకు మనిషి లేడు, పట్నం నుంచి వచ్చినవాడికి దిగులు పట్టుకుంటుంది. నువ్వు నాలుగేళ్లు పిల్లలకు చెప్పినవాడివి, ట్రైనింగు సర్టిఫికెట్టు ఉన్నవాడివి. దరఖాస్తు పెట్టు. మీ బావ బడి నడిపే సంఘ కమిటీలో ఉన్నారు గానీ నీ పేరు రాగానే లేచి బయటికి వెళ్లిపోతానన్నారు. బావమరిది కోసం నోరు విప్పారని రేపు ఎవరూ అనకూడదట. ఆయన పట్టు నీకు తెలుసు.

విజయకుమారికి ఏడో నెల. కూతురి తొలి పురుడు పుట్టింట పోయాలని నాకు ఎంత ఉన్నా, ఆ రోజులకు మంత్రసానిని పడవెక్కించి తేవాలి. అందుకని నేనే తాడేపల్లిగూడెం వెళ్లి వాళ్లత్తవారింట ఉంటాను. వియ్యపురాలి వంట రెండు నెలలు తినాలి. నా కోసం ప్రార్థించు.

నీ అక్క
హన్నమ్మ


ఏలూరు,
22-6-1933

అక్కకు విశ్వాసం నమస్కారాలు.

ఉత్తరం అందింది, చాప అందింది. శేషగిరిరావుగారు చాలా సంతోషించారు. చాప అంచు చేత్తో తడిమి, ఇంత సన్నటి అల్లిక ఈ ఊళ్లో దొరకదన్నారు. నీకు నమస్కారం చెప్పమన్నారు.

పిన్ని మోకాళ్లకు ఆముదం రోజూ రాస్తున్నాను. కావాలంటే ఆవిడనే అడుగు, నా మీద నీకు నమ్మకం లేనప్పుడు.

కొంగలంక బడికి దరఖాస్తు పెట్టమన్నావు. పెడతాను. కానీ అక్కా, నువ్వు దీని మీద ఆశ పెట్టుకోకు. మూడేళ్ల క్రితం మా బడిలో తరగతులు తగ్గించినప్పుడు నలుగురు మాస్టర్లం బయటికి వచ్చాం. మిగతా ముగ్గురికీ ఏడాది తిరక్కుండా వేరే చోట్ల పని దొరికింది. నేను ఏ గది గుమ్మం దగ్గర నిలబడినా వాళ్ల చూపు ముందు చంకకర్ర మీద పడుతుంది, తర్వాత ఎండిపోయిన నా ఎడమ కాలి మీద పడుతుంది. మొదటి ప్రశ్న దాన్ని గురించే అడుగుతారు. రెండో ప్రశ్న అడగరు. చదువు గురించి ఎవరైనా అడిగితే బాగుండునని ఉంటుంది, ఒక్కసారైనా నాకు రాదని తేలి వెనక్కి పంపితే బాగుండునని ఉంటుంది.

ఇదంతా నీకు కొత్త కాదు. రాయకూడదనుకుంటూనే రాశాను. దరఖాస్తు ఈ సాయంత్రమే టపాలో వేస్తాను.

విజయకుమారికి నా దీవెనలు. వియ్యపురాలి వంట నీకు సహించే శక్తి కలగాలని మోకాళ్ల మీద ప్రార్థిస్తాను. నాకు ఒకటే వంగుతుంది, అయినా ఫరవాలేదు.

నీ తమ్ముడు
విశ్వాసం


ఏలూరు,
20-7-1933

అక్కకు,

మీ సంఘ కమిటీ నుంచి జవాబు వచ్చింది. మీ ఉపదేశి పాపారావుగారు స్వదస్తూరీతో రాశారు. నీకు అక్షరం పొల్లు పోకుండా దించుతున్నాను.

"మీ దరఖాస్తు అందినది. మీ దీర్ఘవ్యాధిని గూర్చి మా సంఘమంతయు ప్రతి ఆదివారము కన్నీటితో ప్రార్థించుచున్నది. మీరు మంచము దిగి నడువగల స్థితి కలిగిన పిమ్మట మరల వ్రాయగలరు. అంతవరకు మీ విశ్రాంతికి భంగము కలిగించుట మాకు ఇష్టము లేదు."

ఈ ఉత్తరం నేను పోస్టాఫీసు దాకా నడిచి వెళ్లి తెచ్చుకున్నాను. చదివాక మాత్రం నిజంగానే మంచం మీద కూలబడ్డాను.

నాకు దీర్ఘవ్యాధి ఏమిటి? నేను ఎప్పుడు మంచం పట్టాను? మీ లంకలో నా గురించి ఇవన్నీ ఎవరు చెప్పారు? పిన్నిని అడిగితే తనకేమీ తెలియదంది. కుంటివాడని తిప్పి పంపితే నాకు అలవాటే. లేని రోగం అంటగట్టి పంపడం ఇదే మొదటిసారి. బావగారికి తెలిసి ఉంటుంది. అడిగి వెంటనే రాయి.

విశ్వాసం


కొంగలంక,
29-7-1933

నా చిన్ని తమ్ముడికి,

బావగారిని అడగక్కర్లేదు. ఇది నేను చేసిన పని. చివరిదాకా చదువు.

మా గుడిలో ప్రార్థన మనవుల పుస్తకమని ఒకటి ఉంది. ఆదివారం ఉపదేశి అందులో పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. చదివిన ప్రతి పేరుకీ ఎవరో ఒకరు లేచి ప్రార్థన చేస్తారు. నీ ఉద్యోగం పోయిన వారమే నేను నీ పేరు రాయించాను. "కాలు బలహీనమైన మా తమ్ముడు విశ్వాసానికి పని దొరకాలి" అని, అంతే. పుస్తకం నిండిపోయినప్పుడల్లా కొట్టేయని పేర్లను కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తారు. మొదటిసారి ఎక్కించిన మనిషి చోటు చాలక "బలహీనుడైన విశ్వాసము" అని రాశాడు. రెండోసారి ఎక్కించినతను అంత బలహీనుడు మంచం మీద ఉండకుండా ఎలా ఉంటాడనుకున్నాడో ఏమో, "మంచము పట్టిన విశ్వాసము" అన్నాడు. పని మాట ఎప్పుడో జారిపోయింది. ఇక సుబ్బాయమ్మ అని మా పక్క పాకలో ముసలమ్మ ఉంది, నీ పేరుకు లేచేది ఎప్పుడూ ఆవిడే. ఆవిడ ప్రార్థనలో నీకు చేతులు కూడా పడిపోయాయి. ఈ మధ్య గంజి తప్ప ఏదీ మింగలేకపోతున్నావు.

నేను వినలేదా అంటావు. విన్నాను. దేవుడికి నిజం తెలుసు కదా అని ఊరుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. నీ కోసం ఇంతమంది కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఊరటగా ఉండేది. నీకు ఉద్యోగం లేదంటే ఎవరూ ఏడవరు తమ్ముడూ. మంచం పట్టావంటే అందరూ ఏడ్చారు. నాకు తోడు దొరికినట్టు ఉండి, ఆ తప్పు దిద్దలేకపోయాను.

కమిటీలో నీ దరఖాస్తు చదివిన రోజు మీ బావ అన్న మాట ప్రకారం లేచి బయటికి వెళ్లారు. నువ్వు నడుస్తావని చెప్పగలిగిన ఒక్క మనిషీ తాటిచెట్టు కింద నిలబడి చుట్ట కాలుస్తున్నారు. తర్వాత తెలిసి చెప్పారు. బావగారు కదా, అలాగే అంటారని వాళ్లు నవ్వి ఊరుకున్నారు.

పుస్తకంలో పేరు కొట్టేయమని పాపారావుగారిని అడిగాను. మా దగ్గర దానికి రెండే దారులు. ఆ మనిషి స్వయంగా వచ్చి సంఘం ముందు నిలబడి కృతజ్ఞత చెప్పుకోవాలి, లేకపోతే సమాధి కావాలి. అక్క అడిగితే కొట్టేయరట.

నన్ను తిట్టు. కానీ జవాబు రాయి.

హన్నమ్మ


ఏలూరు,
3-8-1933

శ్రీమతి హన్నమ్మగారికి,

నమస్కారములు. మీ ఉత్తరము అందినది. నేను మంచములో క్షేమము. గంజి మింగుచున్నాను.

ఏలూరులో నన్ను చూచినవారు జాలిపడుచున్నారు. కొంగలంకలో చూడనివారు కూడ జాలిపడునట్లు మీరు ఏర్పాటు చేసితిరి. కృతజ్ఞుడను. ఇకమీదట నా నిమిత్తము ప్రార్థనలు, దరఖాస్తులు, సలహాలు అక్కరలేదని మనవి.

ఇట్లు
ఎన్. విశ్వాసం


తాడేపల్లిగూడెం,
14-8-1933

ఒరే విశ్వాసం,

నువ్వు గ్రాంథికంలో తిట్టినా నేను నీ అక్కనే. నీకు ముడ్డి కడిగిన దాన్ని "శ్రీమతి" అంటే నాకు నవ్వు రావాలి. రాలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇక్కడికి శుక్రవారం వచ్చాను. విజయకుమారి బాగుంది, కాళ్లు కాస్త వాచాయి. వియ్యపురాలి వంట గురించి ఇప్పుడు రాసే ఓపిక లేదు. ముందు ఇంకోటి రాయాలి.

మీ బావ నన్ను పడవలో ఏలూరు చేర్చారు. రైలుకి మూడు గంటలు ఉంది. నీ కాళ్ల మీద పడైనా నిన్ను మాట్లాడించాలని తిన్నగా ఇంటికి వచ్చాను. నువ్వు తొమ్మిదింటికే సర్టిఫికెట్ల సంచీ, గొడుగూ తీసుకుని ఆఫీసుల మీదకి వెళ్లావంది పిన్ని. సరే, శేషగిరిరావుగారినైనా ఒకసారి చూసి, నా వల్ల చెడిన పనిని ఆయనైనా చక్కబెడతారేమో అడుగుదామని జిల్లా బోర్డు ఆఫీసుకి వెళ్లాను. జీవితంలో మొదటిసారి ఆఫీసు మెట్లెక్కాను. ముగ్గుర్ని అడిగాను. ఒకాయన పాపం రిజిస్టరు కూడా తీసి చూశాడు. ఆ పేరుతో అక్కడ ఎవరూ లేరు తమ్ముడూ. ఎప్పుడూ లేరట.

మళ్లీ ఇంటికి వచ్చి నీ గదిలోకి తొంగి చూశాను. నేను అల్లిన చాప నీ మంచం మీద పరిచి ఉంది.

పిన్నితో ఏమీ అనలేదు. రైల్లో కూర్చుని గూడెం దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. రోజూ తొమ్మిదింటికి ఎక్కడికి వెళ్తున్నావురా? నిజం చెప్పు. ఇంకేం చెప్పినా నాకు కోపం రాదు.

అక్క


ఏలూరు,
19-8-1933

అక్కా,

కాలువ లాకుల దగ్గరికి వెళ్తున్నాను.

నిరుడు జూలై నుంచి ఇంతే. తొమ్మిదింటికి బయల్దేరి లాకుల పక్కన గట్టు మీద కూర్చుంటాను. పడవలు ఆగుతాయి, తలుపులు ఎత్తుతారు, నీళ్లు సమానం అయ్యాక కదులుతాయి. బియ్యం పడవలు, జనపనార పడవలు, పెళ్లివాళ్ల పడవలు. సాయంత్రం ఇంటికి వచ్చి పిన్నితో "రేపు రమ్మన్నారు" అంటాను. ఆవిడ నమ్ముతుంది. నమ్ముతుందో లేదో నాకు తెలియదు, నా ముందు నమ్మినట్టు ఉంటుంది.

మొదటి రెండేళ్లు నిజంగానే తిరిగాను. నువ్వు అది నమ్మాలి. ఎక్కని మెట్లు లేవు. ఆ తర్వాత ఒక రోజు ఒక బడి గుమ్మం దాకా వెళ్లి లోపలికి వెళ్లకుండా తిరిగి వచ్చాను. లోపల ఏమంటారో నాకు ముందే తెలుసు కదా, అది విని రావడం దేనికి అనిపించింది. మర్నాడు అసలు ఆ వీధికే పోలేదు. వాళ్లు కాదనకుండా గడిచిన మొదటి రోజు అది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయి నన్ను తినేసింది.

నీకు ఏదో ఒకటి రాయాలి కదా. ఆఫీసులో ఎవరూ పలకరించలేదని ఎన్నిసార్లు రాస్తాను? అందుకని శేషగిరిరావుగారిని పుట్టించాను. ఒట్టి గుమాస్తా అయితే నువ్వు బెంగపడతావని హెడ్ గుమాస్తాను చేశాను. ఆయన నాకు కుర్చీ వేసేవాడు, చదువు గురించి అడిగేవాడు. రాసి రాసి ఆయనంటే నాకే ఇష్టం పుట్టింది. చాప వచ్చిన రోజు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. పారేయలేను, అమ్మలేను, నీకు తిప్పి పంపలేను.

ఇంత అబద్ధం మోస్తూ నీకు అంత కటువుగా ఉత్తరం రాశాను. నువ్వు నన్ను మంచం ఎక్కించావని కోపగించుకున్నాను గానీ, ఏడాదిగా నేను మంచం మీద ఉన్నవాడి కంటె ఏం గొప్పగా ఉన్నాను? మీ సుబ్బాయమ్మగారు చేసిన ప్రార్థన కొంతవరకు నిజమే.

నాకు భయంగా ఉంది అక్కా. ఇప్పుడు ఎవరైనా పని ఇచ్చినా చేయగలనో లేదో తెలియడం లేదు.

నీ తమ్ముడు


తాడేపల్లిగూడెం,
24-8-1933

నా తండ్రీ,

నీ ఉత్తరం దొడ్లో బాదం చెట్టు వెనక్కి వెళ్లి చదివాను. వియ్యపురాలు చూసి, అల్లుడి మీద ఏదో ఫిర్యాదు వచ్చిందనుకుని రెండు రోజులుగా నాకు ప్రత్యేకంగా కాఫీ ఇస్తోంది. నేనూ తాగుతున్నాను.

నువ్వు పని వెతకడం మానేశావని నాకు బాధ లేదు. రెండేళ్లు తిరిగిన మనిషి అలసిపోడా? ఏడాదిపాటు ఒక్కడివే ఆ గట్టు మీద కూర్చున్నావని నా ఏడుపు. నాకు రాసి ఉంటే నేనేం చేసేదాన్ననుకోకు, ఏమీ చేయలేకపోయేదాన్ని. పక్కన కూర్చుని ఆ పడవలు చూసేదాన్ని.

శేషగిరిరావుగారికి నేనూ చాలానే రుణపడి ఉన్నాను. ఏడాదిగా రోజూ నా ప్రార్థనలో ఆయన్ని దీవించాను. ఆయన పిల్లల్ని కూడా.

ఇప్పుడు నా మాట విను. సలహాలు వద్దన్నావు, ఇది సలహా కాదు, కోప్పడి చెప్తున్నాను. పుస్తకంలో పేరు కొట్టేయాలంటే నువ్వే వెళ్లాలి. నేను ఇక్కడే ఉంటాను కాబట్టి అక్క కొంగు పట్టుకుని వచ్చాడని ఎవరూ అనరు. వాళ్లు నీకు పని ఇవ్వకపోవచ్చు. నేను ఆశ పెట్టుకోను, ఒట్టు. కానీ ఇంతమంది నిన్ను చూడకుండానే తీర్పు చెప్పారు. చూసి కాదంటే కనీసం అది నీ గురించి చెప్పిన మాట అవుతుంది. మీ బావకి కార్డు రాశాను, తొమ్మిదో తారీకు శనివారం పడవ తెస్తారు. రావాలో వద్దో నీ ఇష్టం. రాకపోయినా నువ్వు నా తమ్ముడివే.

విజయకుమారికి రోజులు దగ్గర పడ్డాయి.

అక్క


కొంగలంక,
12-9-1933

అక్కకు,

నీ ఇంట్లో, నీ పీట మీద కూర్చుని రాస్తున్నాను. మనవరాలు పుట్టిందని కార్డు చూసి బావగారు పెరట్లోకి వెళ్లి చాలాసేపు కట్టెలు కొట్టారు. ఆ రోజుకు కట్టెలు అవసరం లేదు.

శనివారం పడవ వచ్చేదాకా నేను వస్తానని నాకే తెలియదు. సంచీ సర్ది మూడుసార్లు విప్పాను. చివరికి పిన్ని నా చేతికి గొడుగిచ్చి, "లాకుల దగ్గర కూర్చునేదానికన్నా అక్కడే నయం నాయనా" అంది. ఆవిడకు అంతా తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో అడిగే ధైర్యం నాకు లేదు.

నేను ఎవరినో ఎవరికీ చెప్పవద్దని బావగారిని బతిమాలాను. ఏలూరు చుట్టం అన్నారు, అంతకుమించి అబద్ధం ఆయన నోటికి రాలేదు. ఆదివారం గుడిలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. పాపారావుగారు పుస్తకం తీసి పేర్లు చదివారు. ఏడో పేరు నాది. "మంచము పట్టియున్న విశ్వాసము, ఏలూరు." ఆడవాళ్ల వైపు నుంచి సుబ్బాయమ్మగారు లేచారు. చిన్న మనిషి, నడుము వంగింది. కొడుకు కోసం అడిగినట్టే అడిగారు. నా చేతులు కదలాలని, గొంతు దిగాలని, రాత్రిళ్లు నిద్ర పట్టాలని. నాకు కోపం వస్తుందనుకున్నాను అక్కా. ఏడుపు వచ్చింది. మూడేళ్లు వారం తప్పకుండా ఒక మనిషి నా కోసం ఇలా నిలబడిందని నాకు తెలియదు.

ఆమేన్ అన్నాక కర్ర ఆనించి లేచాను. నేనే అండి విశ్వాసం అన్నాను. ఒక కాలు ఎండిపోయింది గానీ మిగతావన్నీ బాగానే ఉన్నాయని, కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చానని చెప్పాను. సుబ్బాయమ్మగారు నా వైపు తిరిగి, ఎప్పట్నుంచి నడుస్తున్నావని అడిగారు. మొదట్నుంచీ నడుస్తూనే ఉన్నానండి అన్నాను. "అయితే ఇన్నేళ్లూ దేవుడికి నేను తప్పు చెప్తున్నానన్నమాట" అని కూర్చుండిపోయారు. ప్రసంగం అయ్యేదాకా నా వైపు చూడలేదు.

ఆరాధన అయ్యాక కమిటీవారు నా సర్టిఫికెట్లు చూశారు. బావగారు మళ్లీ బయటికి వెళ్లబోతే వాళ్లే కూర్చోబెట్టారు. చదువు గురించి అడిగారు అక్కా. లెక్కలు ఎలా చెప్తావు, పెద్ద తరగతినీ చిన్న తరగతినీ ఒక్కడివే ఎలా కూర్చోబెడతావు అని, గంటసేపు. తర్వాత నీళ్లకు అవతల దిబ్బ మీదున్న బడి చూపిస్తామని రేవుకు తీసుకెళ్లారు. దోనె ఎక్కబోయి కర్ర నీళ్లలోకి దింపాను. అడుగున బురద. కర్ర దిగబడింది, నేను అందరి ముందూ నిలువునా నీళ్లలో పడ్డాను.

పైకి లాగారు. నా సంగతి అయిపోయిందనుకున్నాను. కమిటీలో ఒకాయన, ఈ నాలుగు నెలలూ రోజూ దోనె ఎక్కాలి, మళ్లీ పడితే ఏం చేస్తావని అడిగాడు. "తడుస్తానండి" అన్నాను. తెలివిగా అన్న మాట కాదు, నిజంగా నాకు అంతకంటె తోచలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్నాళ్లయిందో.

అప్పటికీ వాళ్లలో వాళ్లు తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. కాలు సరిగా లేని మనిషి ఈ నీళ్లలో ఎలా అని. గట్టు మీద నుంచి సుబ్బాయమ్మగారు అందుకున్నారు. "కాళ్లున్న మాస్టర్లు ముగ్గురొచ్చారు. ముగ్గురూ ఆ కాళ్లతోనే వెళ్లిపోయారు గదండీ" అన్నారు.

జవాబు ఇంకా చెప్పలేదు. ఏలూరులో మిషను బడుల మేనేజరు దొరగారికి రాసి, ఆయన ఒప్పుకుంటే చూస్తామన్నారు. పుస్తకంలో నా పేరు మాత్రం కొట్టేశారు. మనవరాలిని నా బదులు ముద్దుపెట్టుకో.

విశ్వాసం


తాడేపల్లిగూడెం,
20-9-1933

తమ్ముడూ,

నీ ఉత్తరం విజయకుమారికి చదివి వినిపించాను. నువ్వు నీళ్లలో పడ్డ చోట అది నవ్వి నవ్వి, పచ్చి బాలింతను నవ్వించకూడదని వియ్యపురాలి చేత నాకు చీవాట్లు పెట్టించింది. పిల్ల బొద్దుగా ఉంది. దాని ముక్కు మాత్రం అచ్చం మీ బావది, పెద్దయ్యాక సర్దుకుంటుందని ఆశ.

ఆశ పెట్టుకోనని ఒట్టేశాను. ఆ ఒట్టు మొన్ననే తప్పాను. రోజూ పోస్టు బంట్రోతు వచ్చే వేళకు గుమ్మంలో నిలబడుతున్నాను. దొరగారు కాదంటే ఏమవుతుందోనని భయంగా ఉంది. కాదంటే మళ్లీ ఆ లాకుల దగ్గరికి పోకు. మా ఇంట్లోనే ఉండు, ఎన్నాళ్లైనా ఉండు. పడమటి మూల చూరు కారుతుంది, అక్కడ పడుకోకు.

ఏ సంగతీ వెంటనే రాయి. మంచిదైనా, కాకపోయినా. ఇక మనిద్దరి మధ్యా హెడ్ గుమాస్తాలు వద్దు.

అక్క


కొంగలంక,
6-10-1933

అక్కకు,

పని ఇచ్చారు. నీళ్లు తీసేదాకా చూసి, ఆ తర్వాత ఖాయం చేస్తామన్నారు. దొరగారి సంతకంతో కాగితం సోమవారం వచ్చింది. వెంటనే రాయలేదు, క్షమించు. నాలుగు రోజులు పని చేసి, అది నిజమని తెలిశాక రాద్దామనుకున్నాను.

దోనె ఎక్కడం వచ్చింది. ఒడ్డున కూర్చుని, ముందు కర్ర లోపల పడేసి, చేతుల మీద జరగాలి. ఎక్కాక ఈ కొల్లేట్లో అందరూ కూర్చునే ఉంటారు, నాకూ వాళ్లకూ తేడా లేదు. ముప్పై ఇద్దరు పిల్లలు. ఎక్కాలు ఒక్కరికీ రావు. ఈత అందరికీ వచ్చు. నేను పడితే లాగడానికి వంతులు వేసుకున్నారట.

అబద్ధాలు వద్దన్నావు కాబట్టి ఇది కూడా రాస్తాను. పని దొరికిన రోజున ఆ బరువు దిగిపోతుందనుకున్నాను. పూర్తిగా దిగలేదు. బుధవారం పొద్దున లేవబుద్ధి కాలేదు. ఎందుకో తెలియదు, ఏమీ జరగలేదు. వీళ్లు కూడా ఏదో ఒక రోజు చాలు వెళ్లమంటారని పడుకునే అనుకున్నాను. బయట దోనెలు ఆగి పిల్లలు మాస్టారూ అని కేకలు వేశారు. లేచాను. మధ్యాహ్నానికి మామూలుగానే ఉన్నాను. ఇలాంటి పొద్దులు ఇంకా వస్తాయనుకుంటాను. వస్తే లేస్తాను.

బావగారు మీ ఇంట్లోనే ఉండమన్నారు, చాలా పట్టుబట్టారు. నేను బడి వెనక పాకలోకి మారాను. ఆయన నొచ్చుకున్నారు, నువ్వు సర్దిచెప్పాలి. అక్కా, మూడేళ్లుగా ఎవరింట్లో కూర్చున్నా కంచం ముందు తల వంచుకునే తిన్నాను. పిన్ని నన్ను ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. అయినా ఆవిడ దగ్గర ఎన్నడూ మారు అన్నం అడగలేదు. ఆకలి ఉన్నా అడగలేదు. ఈ పాకలో పొయ్యి నాది. రాజేసుకోవడం ఇంకా సరిగ్గా రాలేదు, కళ్లు మండుతున్నాయి, అయినా నాది.

పధ్నాలుగో తారీకు శనివారం వస్తున్నావని బావగారు చెప్పారు. రేవులో దిగి మీ ఇంటికి వెళ్లకు. తిన్నగా ఇక్కడికి రా. ఇన్నాళ్లూ నేనే మీ ఇళ్లకు వచ్చాను. ఈసారి మా ఇంటికి నువ్వు రా. కొరమీను పులుసు పెడతాను.

నీ తమ్ముడు
విశ్వాసం


తాడేపల్లిగూడెం,
10-10-1933

విశ్వాసం మాస్టారికి,

ఉత్తరం అందింది. చదివాక పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. విజయకుమారి ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే మామయ్య అన్నానికి పిలిచాడని చెప్పాను. అది నన్ను వింతగా చూసింది.

శనివారం వస్తున్నాను. మీ బావకు నేను సర్దిచెప్తాను, ఆయన్నీ వెంటబెట్టుకుని వస్తాను. ఇక్కడ బయల్దేరే ముందు ఏదైనా తినమని వియ్యపురాలు పట్టుబడుతుంది, రైల్లోకి పులిహోర కట్టిస్తుంది. ఏదీ ముట్టను. పులుసులో ఉప్పు ఎక్కువైతే అంటాను, కారం తక్కువైనా అంటాను. కానీ అన్నం మాత్రం నిండుగా వండు.

నేను మారు అడుగుతాను.

అక్క